గండికోటకు ఎంతమంది?

మేనకోడలు: గండికోటకు ఎవరూ పోవద్దని నేననడం లేదు మామా. శుక్రవారం రాత్రి బెంగళూరు నుంచి మన యలహంక మీదుగా బళ్ళారి రోడ్డెక్కి, బాగేపల్లి, కొడికొండ చెక్‌పోస్టు, గోరంట్ల, కదిరి, పులివెందుల, ముద్దనూరు దాటి, తెల్లారేసరికి లోయ అంచున గుడారాలు వేసే గుంపులున్నాయే, వాళ్ళకు అడ్డూ అదుపూ ఉండాలంటున్నాను. ముందుగా పేరు రాయించుకోవాలి. రోజుకు ఇంతమందేనని హద్దు పెట్టాలి. రాత్రిపూట అంచు దగ్గర ఎవరూ ఉండకూడదు. వీలైతే ఎర్రమల కొండల్లో పెన్న కోసుకుపోయిన ఆ ముక్కనంతా నేషనల్ పార్కు చెయ్యాలి. ఆలస్యం చేస్తే కాపాడుకోవడానికి అక్కడ ఏమీ మిగలదు.

మామ: హద్దు పెట్టేముందు ఆ హద్దుకు అవతల ఎవరు మిగిలిపోతారో చూసినావా? నీకది లోయ. నాకది జమ్మలమడుగు తాలూకా. మా నాయన ఆ బండల మీదనే గొర్రెలు తోలినాడు. యలహంకలో రైలు చక్రాల ఫ్యాక్టరీ 1984లో మొదలైతే, ఇక్కడ పని దొరుకుతాదని నేను మూట కట్టుకొని వచ్చినా. నేనొక్కడినేనా? అనంతపురం నుంచి, కడప నుంచి వచ్చినోళ్ళు ఈ చుట్టుపక్కల వీధుల్లో ఎంతమంది ఉండారో నీకు తెలీదా? ఆ పక్క వాన లేదు, పని లేదు. అందుకని మనుషులు ఇటు వచ్చినారు. ఇన్నాళ్ళకు మనుషులు అటు పోతాండారు, జేబులో డబ్బు పెట్టుకొని మరీ. సరిగ్గా ఇప్పుడే నువ్వు లేచి గేటు వేస్తానంటావు.

మేనకోడలు: డబ్బుతోనే వస్తారు, కాదనను. ఏం చూడడానికి వస్తారు మరి? అక్కడ ఏ సందడీ ఉండదనే కదా. వారమంతా హెబ్బాళ ఫ్లైఓవరు మీద హారన్లు విన్నవాడు ఒక్క పూట గాలి చప్పుడు విందామని పోతాడు. పక్క గుడారంలో స్పీకరు మోగుతుంటే ఏం వింటాడు? వీళ్ళు దేనికోసం పోతారో దాన్ని వీళ్ళ రాకే తినేస్తుంది. ఇది నా ఊహ కాదు, నంది కొండల్లో మన కళ్ళతో చూశాం. సూర్యోదయం కోసమని ఆదివారం చీకటితోనే బైకులూ కార్లూ ఘాట్ రోడ్డు నిండా నిలబడిపోయేవి. 2021 ఆగస్టులో వానకు కొండచరియ విరిగిపడి దారి తెగితే నెలల తరబడి మూసేశారు. డిసెంబరులో తెరిచినా వారాంతాల్లో కట్టడి తప్పలేదు. నంది మూసేస్తే జనం ఇంట్లో కూర్చున్నారా? స్కందగిరి వెతుక్కున్నారు, అవలబెట్ట వెతుక్కున్నారు. ఒక చోటు నలిగిపోయాక ఇంకా దూరం పోతారు. ఆ దూరం చివర గండికోట ఉంది.

మామ: నంది యాడ, గండికోట యాడ? నందికి గంట చాలు. గండికోటకు రాత్రంతా బండి తోలాల, దాదాపు 270 కిలోమీటర్లు. అంత దూరమే ఒక గేటమ్మా, దానిమీద నువ్వు ఇంకో గేటు పెట్టబల్లేదు. ఇంకో మాట చెప్తా, కోపం తెచ్చుకోవద్దు. నువ్వు అంతగా మెచ్చుకునే ఆ ఏకాంతం ఉండాదే, అది మేం కోరి తెచ్చుకున్నది కాదు. బస్సు రాక, బోరులో నీళ్ళు పడక, పిల్లోళ్ళంతా వలసపోతే మిగిలింది అది. ఫ్యాక్టరీ వస్తాదని మమ్మల్ని ఎన్నిసార్లు కూర్చోబెట్టినారో తెలుసా? జమ్మలమడుగు పక్కన ఉక్కు ఫ్యాక్టరీకి 2007లో ఒకరు శంకుస్థాపన చేసినారు. 2018లో ఇంకొకరు కంబాలదిన్నె దగ్గర చేసినారు. 2019లో సున్నపురాళ్ళపల్లె దగ్గర మళ్ళీ ఒకటి, 2023లో అక్కడే ఇంకోటి. రాళ్ళు వేసినారు, పోయినారు. ఆ రాళ్ళ పక్కన చూస్తే ఈ గుడారం ఎంత గొప్పదో! శనివారం వేస్తారు, ఆదివారం మధ్యాన్నానికి డబ్బు చేతిలో పడుతుంది. కోటలోపల ఇంకా ఊరు ఉండాది, గుర్తుంచుకో. వాకిట్లో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ పెట్టి అమ్ముకునే ఆడమనిషికి నీ గాలి చప్పుడు తిండి పెట్టదు.

మేనకోడలు: ఆమె మాట వచ్చేసరికి నా నోరు మూతపడుతుంది, నిజమే. కానీ ఆమె బజ్జీలు కొనేవాడు ఏం చూసి వస్తున్నాడో ఆ సరుకు చెడిపోతే ఆమె ఎవరికి అమ్ముతుంది? ఆ రాయి సంగతి ఒక్కసారి విను. కడప బేసిన్ అని భూగర్భ శాస్త్రంలో పేరు మోసింది అదే. విలియం కింగ్ అనే ఆయన 1872లోనే దాని గురించి పెద్ద గ్రంథం రాశాడు. అందులో ఒక పొరకు ఇవాళ ప్రపంచమంతా వాడే పేరు గండికోట క్వార్ట్‌జైట్. వంద కోట్ల ఏళ్ళకు పైబడిన సముద్రపు ఇసుక గట్టిపడి రాయైతే, దాన్ని పెన్న కొన్నిచోట్ల 300 అడుగుల దాకా కోసింది. అంచున నిలబడితే ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు ఎర్రటి పలకలు కనిపిస్తాయి, అవన్నీ ఆ సముద్రం అడుగులే. మన దేశం 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకు సహజ వారసత్వ స్థలాలు పంపింది కదా. ఆంధ్రప్రదేశ్ నుంచి భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బలు వెళ్ళాయి, తిరుమల కొండలు వెళ్ళాయి, గండికోట లేదు. కోటనైతే పురావస్తు శాఖ చూసుకుంటుంది. 2010 నుంచీ రక్షిత కట్టడానికి 100 మీటర్లలోపు కొత్తగా ఇల్లు కట్టకూడదన్న చట్టం ఉంది. గోడలకు, గోపురానికి, మసీదుకు రక్షణ ఉంది సరే, లోయకు ఏముంది? దాని అవతలి గట్టుకు ఏముంది?

మామ: ఇండియా గ్రాండ్ క్యాన్యన్ అని బోర్డులు పెట్టి పిలుస్తాండేది కూడా మీరే కదా! ఆ పోలిక నాకు మొదటినుంచీ సరిపడదు. ఆ అమెరికా లోయ అడుగుల్లో చెప్తే ఆరువేల లోతు, 446 కిలోమీటర్ల పొడుగు. దాని పక్కన నిలబెట్టి మనదాన్ని చిన్నబుచ్చడం ఎందుకు? మన ఊర్లో ముసలోళ్ళను చూడు, కొడుకు దగ్గరికని అరిజోనా పోయి గ్రాండ్ క్యాన్యన్ ముందర ఫోటో దిగి వచ్చినారు, ముద్దనూరు నుంచి గంట దూరం పోయి గండికోట చూసినోళ్ళు కారు. సరే, నువ్వు నేషనల్ పార్కు అన్నావు కాబట్టి అక్కడి సంగతే అడుగుతా. 1919లో దాన్ని పార్కు చేసినప్పుడు ఆ లోయలో తరతరాలుగా బతుకుతాండిన హవసుపాయి జనాలను ఏం చేసినారు? గట్టు మీది వాళ్ళ మేత భూములు, వేట భూములు వాళ్ళవి కాకుండా పోయినాయి. కొంత నేల తిరిగి ఇయ్యడానికి 1975 దాకా పట్టింది. మన చట్టం మాత్రం తక్కువదా? 1972 వన్యప్రాణి రక్షణ చట్టం చదువుకో. అభయారణ్యంలో అయినా కొంచెం వీలుంటుంది, నేషనల్ పార్కులో పశువులు మేపేందుకు లేదు. మా నాయన తోలిన గొర్రెలు ఆ రోజుతో నేరం అయిపోతాయి. జీపులో బైనాక్యులర్లు పెట్టుకొని వచ్చినోడు మాత్రం సందర్శకుడు.

(రాస్తున్నవాడి మాట ఒకటి, మధ్యలో. ఆంధ్రప్రదేశ్‌లో నేషనల్ పార్కులు మూడే. ఒకటి శేషాచలం కొండల్లోని శ్రీవేంకటేశ్వర, ఒకటి గోదావరి మీది పాపికొండలు. మూడోది ఈ పెన్న ఒడ్డునే ఉంది. ప్రొద్దుటూరు దగ్గర రామేశ్వరంలో రాజీవ్‌గాంధీ పేరున 2005లో ప్రకటించారు. దాని విస్తీర్ణం రెండున్నర చదరపు కిలోమీటర్లు కూడా లేదు. గండికోటకు పోయే బెంగళూరు బండ్లు అటు తిరిగినట్టు నేను వినలేదు. ఈ ఇద్దరిలో ఎవరి వాదానికి ఇది బలమో చెప్పడం కష్టం. పార్కు అని బోర్డు పెట్టినంత మాత్రాన జనం రారని మామ అనవచ్చు. జనం రాకపోతే పార్కుకు వచ్చిన నష్టమేమిటని ఆ అమ్మాయి అడగవచ్చు.)

మేనకోడలు: హవసుపాయి వాళ్ళ కథను నువ్వు సగంలో ఆపావు మామా. నేల చేతికొచ్చాక వాళ్ళేం చేశారు? వాళ్ళ లోయలోని జలపాతాలు చూడాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి, ఊరికే పోయి దిగడానికి లేదు. ఆ అనుమతులు కూడా లెక్క ప్రకారమే ఇస్తారు. అంటే సొంతదారులు కూడా హద్దు పెట్టుకున్నారు. ఆస్ట్రేలియా ఎడారి నడిమధ్య ఉలురు బండ ఉంది, పక్కనే కటా ట్జుటా లోయలు ఉన్నాయి, రెండూ ఒకే నేషనల్ పార్కు. 1985 అక్టోబరు 26న ప్రభుత్వం ఆ నేలను అనంగు ఆదివాసులకు తిరిగి అప్పగించింది. 2019లో అదే తేదీన ఉలురు ఎక్కడాన్ని శాశ్వతంగా మూసేశారు. బండను చూడడానికి ఇప్పటికీ పోవచ్చు, చుట్టూ నడవచ్చు. ఎక్కడానికి మాత్రం వీల్లేదు. ఎంతమంది ఎంతదూరం నుంచి వచ్చినా ఇంతవరకే అని చెప్పడం పేదవాడి కడుపు కొట్టడం ఎలా అవుతుంది?

మామ: చూడు, నీ మాటలోనే నా జవాబు ఉండాది. మూసింది ఎవరు? అనంగు వాళ్ళు. నేల వాళ్ళ చేతికి వచ్చినాక, పార్కు బోర్డులో వాళ్ళ మాట చెల్లినాక మూసినారు. మా దాంట్లో తాళంచెవి ఎవరి చేతిలో ఉంటాదో చెప్పు. నీ చేతిలో ఉంటాదా, నా చేతిలో ఉంటాదా, గండికోట పంచాయతీ చేతిలో ఉంటాదా? అమరావతిలో ఒక ఆఫీసరు చేతిలో ఉంటాది. ఆయన మంచోడైతే మంచిది, కాకపోతే లేదు.

మేనకోడలు: ఆఫీసరు చేతిలో ఉన్నా మంచి జరిగిన చోటు ఒకటి నీకు ఇంటి దగ్గరే చూపిస్తా. మన పుట్టేనహళ్ళి చెరువును 2015లో పక్షుల సంరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. చుట్టూ ఇన్ని అపార్ట్‌మెంట్లు లేచినా అది చెరువుగా మిగిలిందంటే ఆ కాగితం ఒకటి ఉన్నందుకే. కాగితం లేని చెరువులు యలహంక చుట్టూ ఏమయ్యాయో నీకు నాకంటే బాగా తెలుసు. ఇంకా పెద్ద ఉదాహరణ కావాలంటే మీ కడప జిల్లాలోదే ఉంది, కలివికోడి. ఆ పక్షిని 1900 తరవాత ఎవరూ చూడలేదు, అంతరించిపోయిందని పుస్తకాల్లో రాసుకున్నారు. 1986 జనవరిలో లంకమల అడవి అంచున, రెడ్డిపల్లి దగ్గర మళ్ళీ దొరికింది. అక్కడ అభయారణ్యం వచ్చింది. తరవాత తెలుగుగంగ కాలువ ఆ పొదల మీదుగా పోవాల్సి వస్తే, ఆ పక్షి కోసం కాలువ దారే మార్చారు. రక్షణ అనే మాట కాగితం మీద లేకపోతే బుల్‌డోజరు ఆగేదా?

మామ: కలివికోడిని మళ్ళీ చూపించింది ఎవరమ్మా? బొంబాయి నుంచి వచ్చిన శాస్త్రవేత్తకు ఆ పొదల్లో పిట్టలు పట్టే ఐతన్న చూపించినాడు. రాత్రిళ్ళు టార్చిలైటు పట్టుకొని ఆ ముళ్ళ కంపల్లో తిరిగే అలవాటు ఉన్నందుకే ఐతన్నకు అది దొరికింది. నీ గేటు ముందే ఉండి ఉంటే ఐతన్న లోపలికి పొయ్యేవాడా? పోతే కేసు పెట్టేవాళ్ళు. అడవిలో ఏముందో ఎరిగినోణ్ణి బయటికి తరిమి, అడవిని ఎట్ల కాపాడతారు?

ఇంకో సంగతి. నువ్వు చెప్తేనే గుర్తొచ్చింది, గుర్తొస్తే కడుపు మండుతుంది. పిట్ట కోసం కాలువ దారి మార్చినారు, చాలా మంచిపని, నేను తప్పు పట్టను. మా కొండాపురం మండలంలో గండికోట రిజర్వాయరు వచ్చింది. 26.85 టీఎంసీలు. ఇరవైకి పైన ఊర్లు దాని కిందికి పోయినాయి. 2020లో తాళ్ళప్రొద్దుటూరులోకి నీళ్ళు వస్తాంటే, పరిహారం పూర్తిగా చేతికి రాలేదు, ఇంకొన్నాళ్ళు గడువు ఇయ్యండని జనం రోడ్డు మీద కూర్చున్నారు. నీళ్ళు ఆగినాయా? మా పెద్దమ్మ వాళ్ళ ఇల్లు, గుడి, చింతచెట్టు, శ్మశానం అన్నీ నీళ్ళ కింద ఉండాయి. ఆ రోజు బెంగళూరు నుంచి ఏ ప్రకృతి ప్రేమికుడూ వచ్చి మా పక్కన కూర్చోలేదు. ఇప్పుడు మాత్రం రాయి కోసం, చప్పుడు కోసం వస్తాండారు. మాకు దక్కనిది రాళ్ళకు దక్కిస్తామంటే వినడానికి బాగుంటుంది, మింగుడు పడదు.

మేనకోడలు: దానికి నా దగ్గర జవాబు లేదు మామా. ఉన్నట్టు మాట్లాడితే నువ్వే నవ్వుతావు. ఆ ఊళ్ళకు జరిగింది అన్యాయమే. ఆ అన్యాయం జరిగింది కాబట్టి లోయకు కూడా దిక్కులేకుండా వదిలేద్దామా అన్నదే నా ప్రశ్న. నువ్వు ఆ నీళ్ళ సంగతి ఎత్తావు కాబట్టి ఇంకా చెప్తా. అంచున నిలబడి, అదిగో పెన్నమ్మ అని ఫోటో తీసుకుంటారు కదా. ఆ నీళ్ళలో పెన్న ఎంత? శ్రీశైలం వెనక నుంచి పోతిరెడ్డిపాడు, గోరకల్లు, అవుకు మీదుగా సొరంగాలు దాటి రిజర్వాయరుకు వచ్చే కృష్ణ నీళ్ళు అందులో ఎక్కువ. ఎగువన గండికోట డ్యాం, దిగువన మైలవరం డ్యాం. మధ్యలో మనం చూసేది ఒక డ్యాం వదిలితే ఇంకో డ్యాం పట్టుకునే నీళ్ళు. ఆ లోయను కోసిన నది ఇప్పుడు లోయలో లేదు. ఎందుకు లేదో వెతుక్కుంటూ పోతే మళ్ళీ మన యలహంక దగ్గరికే రావాలి. పెన్న పుట్టేది నంది కొండల్లో. ఇక్కడికి గంట ప్రయాణం. చిత్రావతి పుట్టేది కూడా చిక్కబళ్ళాపురం పక్కనే, బాగేపల్లి, పుట్టపర్తి తాకుతూ పోయి గండికోట దగ్గరే పెన్నలో కలుస్తుంది. ఈ నేలలో బోర్లు వందల అడుగులు దించినవాళ్ళం, చెరువు కాలువలు పూడ్చి లేఅవుట్లు వేసినవాళ్ళం, గుట్టలు పగలగొట్టి కంకర చేసుకున్నవాళ్ళం మనమే. నది తల దగ్గర ఇదంతా చేసి, మూడొందల కిలోమీటర్లు పోయి దాని ఒంటి మీది గాటు చూసి అబ్బ ఎంత అందం అనడం నాకు సిగ్గుగా ఉంటుంది.

మామ: ఈ మాట మాత్రం ఒప్పుకుంటా. నేను ఇక్కడికి వచ్చిన కొత్తల్లో ఈ ఊరి బావుల్లో తాడు వేస్తే నీళ్ళు అందేవి. అయితే ఒకటి. ఇప్పుడు బెంగళూరు మురుగునీళ్ళను శుద్ధిచేసి హెబ్బాళ, నాగవార వ్యాలీ పథకం కింద పైపుల్లో చిక్కబళ్ళాపురం చెరువులకు తోలుతాండారు కదా. అంటే మనం స్నానం చేసిన నీళ్ళే పెన్న తల దగ్గరికి పోతాండాయి. దాన్ని పుణ్యం అనాలో పాపం అనాలో నాకు తెలీదు, నవ్వు మాత్రం వస్తుంది.

సిగ్గుగా ఉంటుంది అన్నావు. ఆ సిగ్గు నీకు ఎప్పుడు పుట్టింది? ఇంట్లో కూర్చుంటే పుట్టలేదు. అక్కడికి పోయి నిలబడితే పుట్టింది. లోయను చూసినావు, నీళ్ళు ఎక్కడివని అడిగినావు, చదివినావు, ఇప్పుడు నాకే పాఠం చెప్తాండావు. నీ వెనక వచ్చేవాళ్ళలో పదిమందిలో ఒకరికైనా అట్లనే పుడుతుంది. ఆ ఒకరు రావాలంటే మిగతా తొమ్మిదిమందినీ భరించాల్సిందే. నువ్వు లోపలికి పోయినాక తలుపు వేసుకుంటానంటే, అది న్యాయం కాదమ్మా.

మేనకోడలు: పోకపోతే నాకు ఆ లోయ మీద ప్రేమే లేదు, ఒప్పుకుంటున్నా. కానీ తలుపు వేస్తాననలేదు, వరసలో రమ్మంటున్నాను. నేను కూడా ఆ వరసలోనే నిలబడతా. ఏడాదికి ఒకసారి పేరు వస్తే ఒకసారే పోతా. గ్రాండ్ క్యాన్యన్‌లో పడవ వేసుకుని నది మీద సొంతంగా పోవాలంటే లాటరీలో పేరు రావాలి. ఏళ్ళు ఆగినవాళ్ళూ ఉంటారు. ఆగినవాడికి దాని విలువ తెలుస్తుంది. ఆగకుండా పోయేవాడు మాధవరాయస్వామి గుడి స్తంభం మీద పేరు చెక్కుతాడు, రాయలచెరువులో సీసా పడేస్తాడు. ఆ చెక్కినవాళ్ళు అక్కడివాళ్ళు కారు, చదువుకున్నవాళ్ళే, ఐటీ వాళ్ళే, నా ఆఫీసు వాళ్ళే అయి ఉండవచ్చు.

మామ: స్తంభం మీద పేరు చెక్కినోడికి జరిమానా వెయ్యి, లోపల వెయ్యి, నేనే వచ్చి సాక్ష్యం చెప్తా. అయితే కోట అంటేనే జనం వచ్చే చోటు కదా! పెమ్మసాని నాయకుల కాలంలో అది వట్టిగా ఉండిందా? అంత పెద్ద ధాన్యాగారం ఎవరి కోసం కట్టినారు? ఆ తరవాత గోల్కొండ సేనాని మీర్‌జుమ్లా పట్టుకున్నాడు. 1652లో టావెర్నియర్ అనే ఫ్రాన్సు వ్యాపారి ఆయనకు ముత్యాలు చూపించాలని అంత దూరం ఎక్కి వచ్చినాడు. ఫిరంగులు పోసేందుకు ఇంకో ఫ్రెంచి వాడు అక్కడ కొలువు చేసినాడు. గుడి ఉండాది, జామియా మసీదు ఉండాది, పావురాల గోపురం ఉండాది, చెరసాల ఉండాది. నిర్మానుష్యంగా ఉంటేనే గండికోట అన్నది మొన్న మొన్న పుట్టిన ఆలోచన. మేం ఎరిగిన గండికోటలో సంత ఉండింది.

మేనకోడలు: సంత వేరు, ఇది వేరు. సంతలో సరుకు తెచ్చినవాడూ కొన్నవాడూ ఆ చుట్టుపక్కల వాళ్ళే. ఇప్పుడు డబ్బు ఎటు పోతుందో నువ్వే చెప్పు. 2024లో గండికోట అభివృద్ధికి కేంద్రం 77.91 కోట్లు మంజూరు చేసింది. పెద్ద హోటళ్ళ పేర్లు వినబడుతున్నాయి. రేపు విశాఖ కైలాసగిరి మీద కట్టినట్టు గాజు వంతెన కడతామంటారు. రాత్రిళ్ళు లోయ మీద లైట్లు వేస్తామంటారు. ఉగ్గాని అమ్మే ఆమె బండి రిసార్టు గేటు ముందర ఉండనిస్తారా? నిన్ను ఇరికించాలని అడగడం లేదు, నిజంగానే అడుగుతున్నా. నువ్వు జనాన్ని రమ్మంటున్నావు, వాళ్ళ వెనక వచ్చేది ఆపగలవా?

మామ: ఆపలేను. ఇప్పటికే మావాళ్ళ చేతికి వచ్చేది కొసరు. గుడారాల బుకింగు బెంగళూరులో ఎవడో ఫోన్లో తీసుకుంటాడు. మా పిల్లోళ్ళు కట్టెలు మోస్తారు, నీళ్ళు తెస్తారు, అంట్లు తోముతారు, పొద్దున్నే సీసాలు ఏరుతారు. అదీ చూసినా. రాత్రి రెండు గంటలదాకా పాటలు పెడితే కోటలోపల ముసలోళ్ళకు నిద్ర లేదు. అంచున తాగి తిరిగేవాణ్ణి చూస్తే నాకే గుండె జారుతుంది. అందుకని నేను అడిగేది వేరే. బయటినుంచి వచ్చే ప్రతి బండికీ పంచాయతీ రుసుము కట్టాల. గుడారం వేసే హక్కు ఊరి ఆడోళ్ళ సంఘానికే ఇయ్యాల. వంట ఊరిదే, దారి చూపే మనిషి ఊరివాడే. మునిగిపోయిన ఊర్ల పిల్లోళ్ళకు ముందు అవకాశం. అప్పుడు ఎంతమంది వచ్చినా సరే.

మేనకోడలు: పట్టుబడ్డావు మామా. ఊరివాళ్ళే దారి చూపాలంటే ఊళ్ళో ఎంతమంది ఉన్నారో అంతమందే పోగలరు. ఆడవాళ్ళ సంఘం ఎన్ని గుడారాలు వేయగలదో అన్నే గుడారాలు. నువ్వూ లెక్కపెడుతున్నావు.

మామ: లెక్క ఉంటుంది, కాదనలా. నువ్వు తలకాయలు లెక్కపెడతావు, నేను కూలి లెక్కపెడతా. నీ లెక్కలో గుడారం తక్కువైతే లాభం, నా లెక్కలో ఎక్కువైతే లాభం. ఆ రెండు లెక్కలూ యాడో ఒకచోట కలుస్తాయేమో. అయితే ఆ చోటు యాడుందో చెప్పేది యలహంకలో కూర్చున్న మనం కాదు.

మేనకోడలు: పంచాయతీ చేతికిస్తే పంచాయతీ ఎవరినీ వద్దనదు. ఊళ్ళో ఇంకో ఆదాయం లేదు, ఎలా వద్దంటుంది? అందుకే హద్దు చట్టంలో ఉండాలి, ఆ హద్దులోపల పెత్తనం ఊరిది కావాలి. నేషనల్ పార్కు అంటే మేత పోతుందన్నావు, సరే, ఆ పేరు వదిలేద్దాం. గొర్రెలకు దారి ఉండే ఏర్పాటు ఏదైనా చూద్దాం. నీ మందకు దారి వదిలాను, నువ్వు నాకు ఒక్కటి వదులు. ఏడాదిలో కొన్నాళ్ళు లోయకు విశ్రాంతి ఇద్దాం. పక్షులు గూళ్ళు కట్టే నెలలు చూసుకుని మూసేద్దాం. వేసవి మూడు నెలలు మూస్తే ఎవరికీ నష్టం లేదు కదా?

మామ: ఏప్రిల్, మే నెలల్లో ఆ బండల మీద కాలు పెట్టగలరా ఎవరైనా? గొర్రె కూడా నీడకు పోతుంది. ఎవరూ రాని నెలల్లో మూసి త్యాగం చేసినామంటే ఎట్లమ్మా. జనం విరగబడేది నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా.

మేనకోడలు: అయితే నవంబరు నుంచి ఫిబ్రవరి దాకానే సగం రోజులు మూద్దాం.

మామ: ఏ సగం? శని, ఆదివారాలు ఉండే సగమా, లేని సగమా?